పార్టీ అవసరం లేని నాయకుడు: నెల్సన్ రాక్‌ఫెల్లర్

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం కార్యక్రమానికి ‘అమెరికా రాజకీయాల్లో సంపన్న కుటుంబాలు’ అని పేరు పెట్టారు. కెనడీల గురించి చెప్తానేమో అనుకుని వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. కెనడీల గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. (నవ్వులు) నేను నెల్సన్ రాక్‌ఫెల్లర్‌ని ఎంచుకున్నాను. ఆయన కథలో ఒక చిక్కుముడి ఉంది. న్యూయార్క్ రాష్ట్ర ప్రజలు ఆయన్ని గవర్నర్‌గా వరసగా నాలుగుసార్లు గెలిపించారు. 1960, 1964, 1968, ఈ మూడు ఎన్నికల్లోనూ ఆయన అధ్యక్ష పదవి మీద కన్నేశాడు. సొంత రిపబ్లికన్ పార్టీ మాత్రం ఒక్కసారి కూడా అభ్యర్థిగా నిలబెట్టలేదు. డబ్బుందా అంటే దేశంలో అంత ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అనుభవముందా అంటే ముగ్గురు అధ్యక్షుల దగ్గర పనిచేశాడు. జనంలో కలుస్తాడా అంటే అంతగా కలిసేవాడు ఆ రోజుల్లో ఇంకొకడు లేడు. మరి ఎక్కడ చెడింది?

నాకు తోచింది ముందే చెప్పేస్తాను. ఆయనకు పార్టీతో ఎప్పుడూ అవసరం పడలేదు. ఆ సంగతి పార్టీకి బాగా తెలుసు.

కుటుంబం సంగతి క్లుప్తంగా చెప్తాను. తాత జాన్ డి. రాక్‌ఫెల్లర్ 1870లో స్టాండర్డ్ ఆయిల్ పెట్టి, కొన్నేళ్లలోనే అమెరికాలో చమురు శుద్ధి వ్యాపారాన్ని దాదాపు మొత్తం చేతిలోకి తెచ్చుకున్నాడు. 1911లో సుప్రీంకోర్టు ఆ సంస్థను ముక్కలు చెయ్యమంది. ఇవాళ మనం వినే ఎక్సాన్, మొబిల్, షెవ్రాన్ ఆ ముక్కల్లోంచి వచ్చినవే. ముక్కలయ్యాక షేర్ల విలువ పెరిగి ముసలాయన ఇంకా ధనవంతుడయ్యాడు, అది వేరే కథ. మనవడు నెల్సన్ 1908 జులై 8న పుట్టాడు, తాత పుట్టినరోజు కూడా అదే. పేరు మాత్రం తల్లి తరఫు తాతది: నెల్సన్ ఆల్డ్రిచ్, రోడ్ ఐలండ్ సెనేటర్, తన కాలంలో సెనేట్‌ని ఆడించినవాడు. అంటే ఒక తాత దగ్గర చమురు, ఇంకో తాత దగ్గర సెనేట్.

తండ్రి క్రమశిక్షణ మనిషి. అంత డబ్బుండి కూడా పిల్లల చేత పాకెట్ మనీకి లెక్కల పుస్తకం రాయించేవాడు. ఈ తండ్రి తరంలోనే దానధర్మాలు పెద్ద వ్యవస్థగా మారాయి. మనకు దగ్గర ఉదాహరణ కావాలంటే, పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ ఏర్పాటవడం వెనక చొరవ తీసుకున్న సంస్థల్లో ఫోర్డ్ ఫౌండేషన్‌తో పాటు రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కూడా ఉంది. సరే, మళ్లీ నెల్సన్ దగ్గరికొద్దాం.

ఈయనకు అక్షరాలు తారుమారయ్యే ఇబ్బంది, డిస్లెక్సియా, జీవితాంతం ఉంది. చదవడం కష్టం కాబట్టి చదివిన మనుషుల్ని పక్కన పెట్టుకోవడం అలవాటైంది. ఏ సమస్య వచ్చినా నిపుణుల్ని పిలిచి, జీతాలిచ్చి, నివేదిక రాయించేవాడు. తర్వాత అమెరికా విదేశాంగ మంత్రి అయిన హెన్రీ కిసింజర్ వెలుగులోకి వచ్చింది అలా ఈ ఇంటి కొలువులోనే. ఈ అలవాటుని గుర్తుపెట్టుకోండి.

ముప్ఫై రెండేళ్లకే, 1940లో, డెమొక్రాట్ అయిన రూజ్‌వెల్ట్ పిలిచి లాటిన్ అమెరికా వ్యవహారాల బాధ్యత ఇచ్చాడు. తర్వాత విదేశాంగ శాఖలో సహాయ మంత్రి. ట్రూమన్ దగ్గర ఒక సలహా మండలికి ఛైర్మన్, ఐసెన్‌హోవర్ దగ్గర ఆరోగ్య, విద్యా శాఖలో రెండో స్థానం. అన్నీ పెద్ద పదవులే, కానీ ఎవరో ఇస్తే వచ్చినవి. పైవాడికి మనసు మారితే, లేదా ఇంకో అధికారి అడ్డుపడితే అంతే. 1950ల మధ్యలో వాషింగ్టన్ వదిలేసి న్యూయార్క్ వెళ్లిపోయాడు. ఓట్లతో వచ్చిన పదవైతే ఎవరూ పీకలేరు కదా.

1958లో గవర్నర్ పదవికి దిగాడు. అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రిలాంటి వాడు, ఎన్నికైన పాలకుడు. ఎదురుగా ఉన్న డెమొక్రాట్ గవర్నర్ ఎవరనుకున్నారు? ఆవరెల్ హారిమన్, రైల్వే కోటీశ్వరుడి కొడుకు. ఇద్దరు కోటీశ్వరుల పోటీ అని పత్రికలు వెక్కిరించాయి. హారిమన్ పెద్దమనిషి తరహాలో బిగుసుకుని ఉండేవాడు. నెల్సన్ మాత్రం న్యూయార్క్ వీధుల్లోకి దిగి యూదుల బ్లింట్జ్, ఇటాలియన్ల పిజ్జా, హాట్‌డాగ్, ఎవరేం పెడితే అది తినేశాడు. కనబడ్డ ప్రతివాడి భుజం మీద చెయ్యేసి “హాయ్ యా, ఫెల్లా!” అనేవాడు. ఇందులో నటన ఎంత అంటే, నా ఉద్దేశంలో ఏమీ లేదు. మనుషులంటే ఆయనకు నిజంగానే సరదా. 5 లక్షల 73 వేల ఓట్ల తేడాతో గెలిచాడు. దేశమంతటా రిపబ్లికన్లు చిత్తుగా ఓడిపోయిన సంవత్సరమది.

ఇక పాలన. పదిహేనేళ్లకు కొద్దిగా తక్కువ ఉన్నాడు. రాష్ట్ర విశ్వవిద్యాలయం అంతకుముందు చిన్న సంస్థ. ఆయన దిగిపోయేనాటికి 72 క్యాంపస్‌లు, రెండు లక్షలకు పైగా విద్యార్థులు. నదుల్లోకి మురుగు పోకుండా శుద్ధి కేంద్రాలు కట్టడానికి 1965లో వంద కోట్ల డాలర్ల బాండ్లకు ఓటర్ల చేత ఒప్పించాడు. మరుసటి ఏడు ఎన్నికల ప్రచారంలో ఒక బొమ్మ చేప చేత టీవీలో మాట్లాడించారు, నదులు బాగుపడుతున్నాయని చేప ఇంటర్వ్యూ ఇస్తుంది! పేదలకు వైద్యం, పార్కులు, రోడ్లు, గర్భస్రావం చట్టం సడలింపు, ఇలా చాలా ఉన్నాయి. రిపబ్లికన్ పాలనలాగే లేదు కదూ? పార్టీలో సంప్రదాయవాదులు కూడా అదే అన్నారు. రాష్ట్ర బడ్జెట్ సుమారు 200 కోట్ల డాలర్ల నుంచి 800 కోట్లు దాటింది. ఆదాయపు పన్ను పెంచాడు, 1965లో అమ్మకపు పన్ను కొత్తగా వేశాడు.

పన్నులతో సరిపోకపోతే అప్పు చెయ్యాలి. ఇక్కడ కాస్త ఆగుదాం, ఈ మనిషి తత్వం మొత్తం ఈ అప్పుల్లో బయటపడుతుంది. న్యూయార్క్ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రం తన పూచీ మీద అప్పు తేవాలంటే ఓటర్లను అడగాలి. ఇళ్ల నిర్మాణానికి అప్పు అంటే ఓటర్లు వద్దంటున్నారు. అప్పుడు జాన్ మిచెల్ అనే బాండ్ల లాయరు ఒక ఉపాయం చెప్పాడు. ప్రభుత్వం విడిగా ఒక సంస్థ పెడుతుంది, అప్పు ఆ సంస్థ చేస్తుంది. చట్టప్రకారం రాష్ట్రానికి సంబంధం లేదు. కాకపోతే సంస్థ దగ్గర డబ్బు తక్కువైతే పూడ్చడం తన ‘నైతిక బాధ్యత’ అని రాష్ట్రం ఒక మాట రాసిస్తుంది. చట్టంలో బాధ్యత లేదు కాబట్టి ఓటర్లను అడగక్కర్లేదు. నైతిక బాధ్యత ఉంది కాబట్టి బ్యాంకులు ధైర్యంగా అప్పిస్తాయి. ఈ జాన్ మిచెలే తర్వాత నిక్సన్ దగ్గర అటార్నీ జనరల్ అయ్యి, నిక్సన్‌ని దించిన వాటర్‌గేట్ కుంభకోణంలో జైలుకెళ్లాడు. మన కార్పొరేషన్ల అప్పుల గురించి పేపర్లో చదువుతుంటారు కదా, అందుకని ఈ ఉపాయం మీకు వింతగా అనిపించకపోవచ్చు. (నవ్వులు)

1968లో మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల రోజు చూడండి. పొద్దున అట్లాంటా వెళ్లి అంత్యక్రియల్లో పాల్గొన్నాడు. కింగ్ ఉద్యమానికి ఈ కుటుంబం సాయం నిజమైనది. 1963లో బర్మింగ్‌హామ్‌లో అరెస్టయిన పిల్లల బెయిలు కోసం లక్ష డాలర్లు న్యూయార్క్‌లో ఈ కుటుంబానికి పట్టున్న చేజ్ మన్‌హాటన్ బ్యాంకు ఖజానా తెరిపించి తన చేతికిచ్చారని కింగ్ లాయరు క్లారెన్స్ జోన్స్ తర్వాత చెప్పాడు. సరే, ఆ 1968 రాత్రే నెల్సన్ రాష్ట్ర శాసనసభలో పట్టణాభివృద్ధి కార్పొరేషన్ బిల్లు పాస్ చేయించాలని పట్టుబట్టాడు. సభ మొదట ఓడించింది. సభ్యులకు కబురెళ్లింది: మీకు నేను చేసే సాయాలన్నీ ఇక బంద్. అర్ధరాత్రికల్లా పాసైంది. మంచి బిల్లే, పేదలకు ఇళ్లు కట్టడానికి. 1975 ఫిబ్రవరిలో ఆ కార్పొరేషన్ అప్పు తీర్చలేక చేతులెత్తేసింది. న్యూయార్క్ నగరం దివాలా అంచుకు వచ్చిన సంవత్సరం కూడా అదే.

రాష్ట్ర రాజధాని ఆల్బనీలో ప్రభుత్వ భవనాల సముదాయం కూడా అంతే. నెదర్లాండ్స్ రాకుమారి వస్తే ఊరేగించిన దారిలో పాత పేటలు చూసి సిగ్గుపడ్డాడట. 98 ఎకరాల పేట పడగొట్టి, వేలమందిని ఖాళీ చేయించి, పాలరాతి మాల్ కట్టించాడు. మొదట చెప్పిన ఖర్చు 25 కోట్ల డాలర్లు, చివరికి 200 కోట్లకు దగ్గరైంది. ఇప్పుడు దానికి ఆయన పేరే.

ఇక అసలు ప్రశ్నకొద్దాం, పార్టీ.

1960లో తాను పోటీలో లేనన్నాడు. కానీ పార్టీ అభ్యర్థి కాబోతున్న ఉపాధ్యక్షుడు నిక్సన్ విధానాలు నచ్చలేదు. షికాగోలో పార్టీ మానిఫెస్టో కమిటీ రోజుల తరబడి కూర్చుని రాసింది. ఆ కమిటీలో ఊళ్లనుంచి వచ్చిన సాధారణ నాయకులు. మహాసభకు మూడురోజుల ముందు నిక్సన్ గుట్టుగా న్యూయార్క్ వచ్చి, ఫిఫ్త్ అవెన్యూలో రాక్‌ఫెల్లర్ ఫ్లాట్‌లో కూర్చున్నాడు. రాత్రంతా చర్చించుకుని 14 అంశాలు ఖాయం చేసుకుని, ఇదీ మన మానిఫెస్టో అని షికాగోకి చెప్పారు. షికాగో కమిటీ వాళ్లకు ఎలా ఉంటుంది? పార్టీలో సంప్రదాయవాదుల నాయకుడు, సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ దీన్ని ‘రిపబ్లికన్ పార్టీ మ్యూనిక్’ అన్నాడు, హిట్లర్‌కి లొంగిపోయిన ఒప్పందంతో పోలుస్తూ. నాలుగేళ్ల తర్వాత అభ్యర్థి అయింది ఆ గోల్డ్‌వాటరే.

1964కి ముందు సర్వేల్లో రాక్‌ఫెల్లరే ముందున్నాడు. 1962లో భార్యకు విడాకులిచ్చాడు, మరుసటి ఏడు మే నెలలో హ్యాపీ మర్ఫీని పెళ్లాడాడు. ఆవిడ కూడా అప్పుడే విడాకులు తీసుకుంది, నలుగురు పిల్లలు మొదటి భర్త దగ్గర ఉండిపోయారు. 1963 నాటి అమెరికా అది. కొన్ని వారాల్లో గోల్డ్‌వాటర్ ముందుకెళ్లిపోయాడు. అయినా కాలిఫోర్నియా ప్రైమరీ, అంటే అభ్యర్థిని ఎంచుకునే పార్టీ ఎన్నిక, దాకా పోరాడాడు. జూన్ 2న పోలింగ్, మూడురోజుల ముందు కొత్త భార్యకు కొడుకు పుట్టాడు. మర్చిపోతున్న సంగతి మళ్లీ అందరికీ గుర్తొచ్చింది. నూటికి మూడు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. పెళ్లే ముంచిందని చాలామంది రాశారు. నేను పూర్తిగా ఒప్పుకోను. పార్టీలో ఆయనకోసం నిలబడే మనుషులుంటే ఆ గాలివాన దాటేవాడు.

జులైలో శాన్‌ఫ్రాన్సిస్కో మహాసభలో అతివాద ధోరణులను ఖండించే తీర్మానం మీద మాట్లాడటానికి ఐదు నిమిషాలిచ్చారు. హాలంతా అరుపులు, ఈలలు, “మాకు బారీ కావాలి” అని కేకలు. ఐదు నిమిషాల మాటకు పావుగంట పట్టింది. ఆయన నవ్వుతూనే నిలబడ్డాడు. ధైర్యమే, కాదనను. కానీ ఆ హాల్లో అరుస్తున్నది ఎవరు? ఇళ్లిళ్లూ తిరిగి చందాలు పోగుచేసిన కార్యకర్తలు. వాళ్ల దృష్టిలో ఈయన ఫిఫ్త్ అవెన్యూ నుంచి ఫోన్లో మానిఫెస్టో మార్చినవాడు.

ఆ శరదృతువులో గోల్డ్‌వాటర్ ఓడిపోతాడని అందరికీ తెలుసు. రాక్‌ఫెల్లర్ పెద్దగా కదల్లేదు. నిక్సన్ మాత్రం రాష్ట్రాలు తిరిగి గోల్డ్‌వాటర్ కోసం ప్రచారం చేశాడు. 1966లోనూ కాంగ్రెస్‌కి, అంటే అమెరికా పార్లమెంటుకి, పోటీచేసే పార్టీ అభ్యర్థుల కోసం ఊరూరా తిరిగాడు, చప్పటి చికెన్ విందుల్లో కూర్చున్నాడు, ఎవరి పేరెవరో గుర్తుపెట్టుకున్నాడు. నిక్సన్‌కి డబ్బు లేదు కాబట్టి వాళ్లు కావాలి. రాక్‌ఫెల్లర్‌కి సొంత విమానం, సొంత సిబ్బంది, సొంత సర్వేలు. 1968 ప్రచారానికి సవతి తల్లి ఒక్కతే 15 లక్షల డాలర్లకు దగ్గరగా ఇచ్చింది. దాని మీద గిఫ్ట్ ట్యాక్సే ఎనిమిది లక్షలు దాటింది. ఇక వంద డాలర్ల చందా ఇచ్చే జిల్లా నాయకుడితో ఆయనకేం పని?

ఆ 1968లో ఆయన చెయ్యని ఒక్క ఫోన్ కాల్ సంగతి చెప్పి తీరాలి. మేరీలాండ్ గవర్నర్ స్పైరో ఆగ్నూ అప్పుడు రాక్‌ఫెల్లర్ భక్తుడు, ‘రాక్‌ఫెల్లర్ దిగాలి’ అనే ఉద్యమానికి పెద్ద. మార్చి 21న రాక్‌ఫెల్లర్ ప్రెస్‌మీట్ పెడుతున్నాడంటే, పోటీ ప్రకటిస్తాడని ఆగ్నూ విలేకర్లందర్నీ తన ఆఫీసుకు పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టాడు. రాక్‌ఫెల్లర్ టీవీలో కనబడి, నేను పోటీ చెయ్యడం లేదన్నాడు. ముందుగా ఆగ్నూకి ఒక్క మాట చెప్పలేదు. విలేకర్ల ముందు ఆ మనిషి మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. కొద్దిరోజులకే ఆగ్నూ నిక్సన్ పక్కకు చేరాడు, ఆగస్టులో ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యాడు. రాక్‌ఫెల్లర్ ఏప్రిల్ చివర్లో మనసు మార్చుకుని మళ్లీ దిగాడు, అప్పటికే ఆలస్యం. మయామీ బీచ్ మహాసభలో నిక్సన్‌కి 692 ఓట్లు, ఈయనకి 277.

1970లో న్యూయార్క్‌లో మళ్లీ ఏడు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచాడు. కానీ మనిషి మారాడు. పార్టీ కుడివైపు వెళ్తోంది, తనూ అటు జరగాలనుకున్నాడు. 1971 సెప్టెంబరులో అట్టికా జైల్లో ఖైదీలు తిరగబడి సిబ్బందిని బందీలుగా పట్టుకున్నారు. ఎక్కువమంది నల్లవాళ్లు. గవర్నర్ ఒక్కసారి వచ్చి మాట్లాడాలని ఖైదీలు అడిగారు, మధ్యవర్తులు బతిమాలారు. ఆయన వెళ్లలేదు. నాలుగురోజులయ్యాక పోలీసులు కాల్పులు జరుపుతూ లోపలికి దూసుకెళ్లారు. ఆ ఒక్క ఉదయం దెబ్బలకి 39 మంది చనిపోయారు, అందులో పదిమంది బందీలే. ఖైదీలు గొంతులు కోశారని అధికారులు ముందు చెప్పారు. శవపరీక్షలో బందీలంతా పోలీసుల తూటాలకే పోయారని తేలింది. ముక్కూమొహం తెలియనివాడి భుజం మీద చెయ్యేసే మనిషి ఆ జైలు గేటు దాకా ఎందుకు వెళ్లలేకపోయాడు? నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇది.

1973లో మాదకద్రవ్యాల చట్టం తెచ్చాడు. రెండు ఔన్సుల హెరాయిన్ అమ్మితే కనీసం పదిహేనేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. చిన్నచిన్నవాళ్లతో జైళ్లు నిండిపోయాయి. 2009లో గానీ ఆ చట్టాన్ని బాగా సడలించలేదు.

1973 అక్టోబరులో ఆగ్నూ లంచాల కేసులో ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. ఆ స్థానంలోకి జెరాల్డ్ ఫోర్డ్. 1974 ఆగస్టులో నిక్సనూ రాజీనామా చేశాడు, ఫోర్డ్ అధ్యక్షుడయ్యాడు, ఖాళీ అయిన ఉపాధ్యక్ష కుర్చీకి రాక్‌ఫెల్లర్‌ని పిలిచాడు. అంటే ఆరేళ్ల కింద తాను ఫోన్ చెయ్యని మనిషి ఖాళీ చేసిన కుర్చీ, ఫోర్డ్ మీదుగా తిరిగి, చివరికి తన దగ్గరికి వచ్చింది! ఓటు లేకుండా.

కాంగ్రెస్ విచారణలో తొలిసారి ఆ ఇంటి లెక్కలు బయటికొచ్చాయి. ట్రస్టులతో కలిపి ఆయన ఆస్తి 21 కోట్ల 80 లక్షల డాలర్లు. జనం ఊహించిన దానికంటే తక్కువే. కానీ తన దగ్గర పనిచేసినవాళ్లకు ఇచ్చిన బహుమతులు, మాఫీ చేసిన అప్పులు చూసి సభ్యులు నోళ్లు తెరిచారు. కిసింజర్‌కి 50 వేల డాలర్లు, విలియం రోనన్ అనే సహచరుడికి ఆరు లక్షలకు పైగా. స్నేహంతో ఇచ్చానన్నాడు. అబద్ధం కాకపోవచ్చు. స్నేహమంటే చెక్కు రాయడమని చిన్నప్పటినుంచీ నమ్మినవాడు కదా. నాలుగు నెలలు సాగదీసి డిసెంబరు 19న ఆమోదించారు, సెనేట్‌లో 90–7.

ఆ పదవిలో చెయ్యడానికి ఏమీ లేదు. అధ్యక్ష భవన సిబ్బంది దగ్గరికి రానివ్వలేదు. 1976 ఎన్నికకు పార్టీలో రీగన్ గాలి లేచింది, రాక్‌ఫెల్లర్ ఉంటే దక్షిణాది రాష్ట్రాల మద్దతు పోతుందని ఫోర్డ్ మనుషులు తేల్చారు. 1975 నవంబరులో తప్పుకున్నాడు, తప్పించారంటేనే సరి. తన జీవితంలో పిరికిగా ప్రవర్తించిన కొద్ది సందర్భాల్లో అదొకటని ఫోర్డ్ తర్వాత ఒప్పుకున్నాడు. 1979 జనవరి 26న, డెబ్బై ఏళ్లకు, రాక్‌ఫెల్లర్ గుండెపోటుతో పోయాడు.

ప్రశ్నలకు టైమ్ ఉందన్నారు. అడగండి.

(ప్రేక్షకుల్లోంచి: ఆ కుటుంబంలో తర్వాత ఎవరూ రాజకీయాల్లోకి రాలేదా సార్?)

వచ్చారండీ. తమ్ముడు విన్‌త్రాప్ 1966లో ఆర్కన్సా గవర్నర్‌గా ఎన్నికయ్యాడు. దిగిపోయే ముందు, 1970 డిసెంబరులో, మరణశిక్ష పడిన ఖైదీలందరి శిక్షనూ తగ్గించేశాడు. అట్టికాకి తొమ్మిది నెలల ముందు. అన్నదమ్ములే!

అన్న కొడుకు జే రాక్‌ఫెల్లర్ 1964లో వెస్ట్ వర్జీనియాలో ఎమన్స్ అనే చిన్న బొగ్గు గని ఊరికి సేవా కార్యకర్తగా వెళ్లాడు. అక్కడే ఉండిపోయి, డెమొక్రాట్‌గా మారి, 1972లో గవర్నర్ పదవికి పోటీచేసి ఓడిపోయాడు. ఓడిపోయినా న్యూయార్క్ తిరిగి వెళ్లలేదు, ఆ రాష్ట్రంలోనే ఒక కాలేజీకి అధ్యక్షుడిగా పనిచేశాడు. 1976లో గెలిచాడు. 1980లో పాత ప్రత్యర్థి ఆర్చ్ మూర్ మళ్లీ ఎదురొస్తే దాదాపు కోటీ 20 లక్షల డాలర్లు ఖర్చుపెట్టాడు. అప్పుడు మూర్ మనుషులు కార్లకు స్టిక్కర్లు అతికించుకున్నారు: “మొత్తం ఖర్చు పెట్టించెయ్, ఆర్చ్!” (నవ్వులు) జేనే గెలిచాడు, తర్వాత 2015 దాకా సెనేటర్‌గా ఉన్నాడు.